పదకొండు సార్లు

ఊరి హాల్లో ఫ్యాను కింద ఎదితాకి కుర్చీ వేశారు. అందరూ చెమటలు తుడుచుకుంటున్నారు. ఆమెకి మాత్రం ఉక్క తెలియడం లేదు. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. అవి మొదలైనప్పటి నుంచి ఎండైనా ఆకలైనా ఏడుపైనా ఒంటికి జానెడు దూరంలోనే ఆగిపోతున్నాయి.

బల్ల వెనక ఊరి పెద్ద, కెప్టెన్ సరబియా. ఆయన పక్కన పిల్లల సంక్షేమం చూసే గల్వేజ్ మేడమ్. ఆమె పట్నం నుంచి వచ్చిన వ్యాను కిటికీలోంచి కనిపిస్తోంది. దాని తలుపు తెరిచే ఉంది. పోయినేడు ఎండాకాలంలో ఎదితా కూతురు అనలిన్‌ని ఎక్కించుకుపోయింది ఆ వ్యానులోనే. అప్పటికి పిల్లకి ఐదేళ్ళు. తల్లి వెదురు బద్దతో కొట్టిన దెబ్బకి ఎడమ ముంజేయి విరిగింది.

ఎనిమిది నెలలు పిల్ల ఆశ్రమంలో ఉంది. తల్లి వైద్యానికి వారం వారం పడవెక్కి పెద్దాసుపత్రికి తిరిగింది. రెండు నెలల కిందట పిల్లని తిరిగి ఇచ్చారు. ఆరు నెలలు ఏ ఫిర్యాదూ రాకపోతే ఇక ఇంట్లోనే. వస్తే మళ్ళీ వ్యాను.

ఫిర్యాదు వచ్చింది. చేసింది పక్కింటి లుమింగ్.

"దీని మీద నాకేం పగ మేడమ్? దీని పురిటికి వేణ్ణీళ్ళు కాచింది నేనే," అంది లుమింగ్. "పోయినేడు నోరు మూసుకున్నా. పిల్ల చెయ్యి విరిగేదాకా మూసుకున్నా. మళ్ళీ మూసుకోమంటారా?"

"చూసింది చెప్పమ్మా," అన్నాడు కెప్టెన్.

"మూడు సార్లు చూశా. పిల్లేమో మెట్ల మీద కూచుని గొంతు చించుకుని ఏడుస్తుంటది. ఈ మహాతల్లి కుట్టే ఆకులు అక్కడే పారేసి ఏటి గట్టుకి పోయి కూచుంటది. ఇటు వీపు పెట్టి! పావుగంట, ఇరవై నిమిషాలు. పామొస్తే? పిల్ల వెనకాలే వెళ్ళి నీళ్ళలో పడితే?"

"ఏట్లో కొత్త మొగుడు తేలతాడని చూస్తోందేమోలే," అన్నారెవరో కిటికీ అవతల. నలుగురు నవ్వారు.

"బెర్తింగూ, నోరు ముయ్యి," అన్నాడు కెప్టెన్.

మేడమ్ నవ్వలేదు. "ఎదితా, ఎందుకు వెళ్తున్నావు?"

"గాలికి."

మేడమ్ లేచి, తలుపు దగ్గర బల్ల మీద బిస్కెట్టు తింటున్న అనలిన్ పక్కన కూర్చుంది. "అమ్మ కొడుతోందా తల్లీ?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"ఇంట్లో భయమేస్తుందా?"

"ఊఁ."

"ఎప్పుడు?"

"అమ్మ వెళ్ళిపోయినప్పుడు."

ఎదితా ఆ మాట విన్నది. ఒకప్పుడైతే ఆ మాటకి గుండె కోసేసినట్టు ఉండేదని ఆమెకి గుర్తుంది. గుర్తే ఉంది, కోత లేదు.

ఆసుపత్రిలో నర్సు చెప్పింది చెప్పినట్టే చేసింది ఆమె. భుజాల్లోకి వేడి ఎక్కగానే చేతిలోది కింద పడెయ్యి. పిల్లని కూర్చోబెట్టు. వచ్చేస్తానని చెప్పు. లేచి వెళ్ళిపో. చల్లారాక రా. ఊళ్ళో ఈ సంగతి ఎవరికీ తెలియదు. మందులతో ఆ చెయ్యి లేచే రోగం పోయిందనే అందరి నమ్మకం. మేడమ్ నెల నెలా అడిగినప్పుడు కూడా పోయిందనే చెప్పింది. ఇప్పుడు నోరు మెదపకపోతే పిల్లని వదిలేసిన తల్లి. మెదిపితే, కొట్టే తల్లి. ఎటు చూసినా వ్యాను తలుపే.

"కొట్టకుండా ఉండటానికి వెళ్తున్నా," అంది. ఏటికి పోటు ఎప్పుడొస్తుందో చెప్పినంత మామూలుగా ఉంది ఆ గొంతు. "చెయ్యి ఇంకా లేస్తోంది మేడమ్. లేచి వెళ్ళిపొమ్మని ఆసుపత్రిలో చెప్పారు. వెళ్తున్నా."

"నెల నెలా అడిగాను కదా. పోయిందన్నావు."

"అన్నా."

"ఎన్నిసార్లు వెళ్ళావు?"

"పదకొండు."

"పదకొండా! నేను చూసింది మూడే," అంది లుమింగ్ చిన్నగా.

"కొట్టింది ఎన్నిసార్లు?" అంది మేడమ్.

"ఒక్కసారీ లేదు."

ఫ్యాను తిరుగుతోంది. మేడమ్ చాలాసేపు రాసుకుంది.

"నువ్వు లేచి వెళ్ళాక పిల్ల దగ్గర ఎవరుంటారు? అది నీకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు."

హాల్లో వాళ్ళంతా లుమింగ్ వైపు తిరిగారు.

"నా వంక చూస్తారేంటి?" లుమింగ్ ముఖం ఎర్రబడింది. "చెప్పి చావొచ్చు కదే! దడికి అవతలే ఉన్నాను కదే!"

"ఏమని చెప్పను పిన్నీ?"

లుమింగ్ వెళ్ళి అనలిన్ ఒళ్ళో రాలిన బిస్కెట్టు పొడి దులిపింది.

వ్యాను ఖాళీగా వెళ్ళింది. ఆరు నెలలు ఆ రోజు నుంచి మళ్ళీ మొదలు. ఎదితా లేచి వెళ్ళాలంటే ముందు లుమింగ్‌ని పిలవాలి, ఆమె వచ్చేదాకా పిల్ల దగ్గర ఉండలేకపోతే వాకిట్లో నిలబడాలి. పిలవకుండా ఒక్కసారి వెళ్ళినా, అడిగినదానికి ఒక్క అబద్ధం చెప్పినా పిల్ల తనతో వచ్చేస్తుందని మేడమ్ చెప్పి మరీ వెళ్ళింది.

మూడో రోజు పొద్దున, ఇళ్ళ వరసలో ఆడవాళ్ళంతా ఎవరి చూరు కింద వాళ్ళు ఇంటికప్పులకి వేసే నిపా ఆకులు కుడుతున్నారు. రాత్రంతా నానబెట్టి చీల్చి పెట్టుకున్న నారను అనలిన్ ముడులు ముడులుగా చిక్కు పెట్టేసింది. ఎదితా భుజాల్లోకి వేడి ఎక్కింది. ఆకులు గుచ్చే వెదురు బద్దని చేతిలోంచి కింద పడేసింది. పిల్లని మెట్టు మీద కూర్చోబెట్టి, "వచ్చేస్తా," అంది. వాకిట్లోకి నడిచి నిలబడింది.

"పిన్నీ, వెళ్తున్నా."

ఆ మాట దడి దాటలేదు. ఎదురింట్లో మాత్రం ఒకామె కుట్టడం ఆపి తలెత్తింది. సిగ్గు కూడా రాలేదు ఎదితాకి. పిల్ల ఏడుపు అందుకుంది. అరచేతులు మండుతున్నాయి.

"లుమింగ్ పిన్నీ!" ఈసారి వరసంతా వినిపించింది. "చెయ్యి లేస్తోంది! రా!"

"వస్తున్నా ఆగవే, పొయ్యి మీద అన్నం ఉంది!" అని అరిచిన లుమింగ్, చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చి పిల్ల పక్కన కూలబడింది. "పో. నిలబడి చూస్తావేం, పో!"

వరసలో తలలన్నీ లేచి ఉన్నాయి. ఎదితా వాటి ముందు నుంచే నడిచింది. ఏటి గట్టు దాకా పిల్ల ఏడుపూ, లుమింగ్ తిట్లూ రెండూ వినిపిస్తూనే ఉన్నాయి.