పారేసిన ప్యాకెట్లు

వీరేష్‌కు కోపమొస్తే వీధంతా తెలుస్తుంది. జ్యోతిలక్ష్మికి కోపమొస్తే పక్క కుర్చీలో వాళ్లకు కూడా తెలియదు. ఆ సంగతి తెలియకనే వీరేష్ దెబ్బతిన్నాడు.

అనంతపురంలో నెట్ సెంటర్లకు ఇంటర్నెట్ తీగలు లాగింది అతనే. అవన్నీ అతని ఆఫీసులోని ఒక లినక్స్ మిషన్ గుండా పోవాలి. దాని కెర్నెల్లో, అంటే మిషన్ గుండెకాయలో, కూర్చుని, సమాచారాన్ని ముక్కలుగా మోసే ప్రతి ప్యాకెట్‌నూ దారి పట్టించే మాడ్యూల్ రాసింది అక్కడ పనిచేసే జ్యోతిలక్ష్మి. అది మూగది. లోపల ఏం చేస్తుందో బయటి ప్రోగ్రాములకు చెప్పదు.

ఆమె నాయన కదిరప్పది కూడా నెట్ సెంటరే. 2004లో ఎంసెట్ ఫలితాల రోజు అక్కడ ఒక్క పేజీ తెరుచుకోలేదు. పిల్లలు ఏడ్చి, తిట్టి, ఎదురుగా ఉన్న వీరేష్ సొంత సెంటర్‌కు పరిగెత్తారు. "మిషన్లు సరిగా లేవు కదిరప్పా, నీకీ పని చేతకాదు" అన్నాడు వీరేష్, అందరి ముందూ. కదిరప్ప నమ్మేశాడు. రెండేళ్లుగా తల వంచుకునే తిరుగుతున్నాడు.

పోయిన నెల మాడ్యూల్ తెరిచి చూస్తే, తాను రాయని నాలుగు వరుసలు, ఆ ఫలితాల ముందురోజు తేదీతో, కనిపించాయి జ్యోతిలక్ష్మికి. నాయన సెంటర్ అడ్రసు. అక్కడికి పోయే ప్రతి రెండు ప్యాకెట్లలో ఒకటి పారేయమని. అప్పట్లో బెంగళూరు నుంచి పిలిపించినవాడి చేత వీరేషే పెట్టించాడన్నమాట! ఆమెకు ఒళ్లు మండిపోయింది. వీడి పరువు బజారుకీడుస్తానని ఒట్టు పెట్టుకుని, కిమ్మనకుండా కూర్చుంది.

దేవుడు పంపినట్టు వీరేషే వచ్చాడు. "ఏమ్మా, లోపల జరిగేదంతా తెర మీద కనపడల్ల. సెంటర్లోళ్లందర్నీ పిలిచి చూపిస్తా."

"అంతా కనపడల్నా అన్నా?"

"అంతా! నేను దాచేది ఏముండాది?"

ఆ నాలుగు వరుసల్ని మరిచే పోయాడు మహానుభావుడు.

కెర్నెల్‌కూ బయటి ప్రోగ్రాముకూ మధ్య నెట్‌లింక్ సాకెట్ అనే దారి వేసింది జ్యోతిలక్ష్మి. లోపలిది చెప్తే బయటిది వినాలి, బయటినుంచి ఆజ్ఞ పంపితే లోపలిది పాటించాలి. లోపల ఒక్క తప్పు పడితే మిషన్ మొత్తం బిగుసుకుపోతుంది. పదకొండు సార్లు బిగుసుకుంది. పన్నెండోసారి మూగది నోరు విప్పింది.

సెంటర్ల వాళ్లంతా వచ్చారు. కదిరప్ప వెనక వరుసలో ఒదిగి కూర్చున్నాడు. తెర మీద ప్రతి సెంటర్ పేరు పక్కనా పచ్చగా 'పంపాను' అని పడుతోంది. కదిరప్ప పేరు పక్కన మాత్రం ఎర్రగా 'పారేశాను', తర్వాత 'పంపాను', మళ్లీ 'పారేశాను'.

"ఏమప్పా వీరేష్, ఆయప్పది ఒక్కటే ఎందుకు పారేస్తాండాది?" అని లేచాడు ఇంకో సెంటర్ యజమాని ఆదెప్ప.

"ఏదో తప్పు పడింది. ఆపమ్మా!"

"తప్పు కాదన్నా. మీరు పెట్టించిందే," అంటూ ఆ నాలుగు వరుసలూ తెర మీద పెట్టింది జ్యోతిలక్ష్మి. గదిలో అందరూ ఒక్కసారిగా అరిచారు.

ఆమె ఒక ఆజ్ఞ కొట్టింది. ఆ వరుసలు తీసేయలేదు, అడ్రసు మార్చిందంతే. ఎరుపు కదిరప్ప పేరు వదిలి వీరేష్ సొంత సెంటర్ పేరు పక్కకు వచ్చింది. కాసేపటికే అతని సెల్ మోగింది. అవతల కుర్రవాడి కేకలు ముందు వరుసకంతా వినిపించాయి. "అన్నా, ఒక్క పేజీ తెరుచుకోల్యా! జనం మీదికొస్తాండారు!"

"మిషన్లు సరిగా లేవు వీరేషన్నా," అంది జ్యోతిలక్ష్మి, అందరికీ వినబడేలా. "నీకీ పని చేతకాదు."

వెనక వరుసలో కదిరప్ప లేచి నిలబడ్డాడు.

"అమ్మా," అన్నాడు, "ఇంకోసారి అను."