రెండు మంచాలకు రెండు పరదాలు

ఆ గురువారం పొద్దున బుచ్చన్న టీ పెట్టుకుని తాగడం మరిచాడు. పదకొండు గంటలకు ఇల్లు చూడ్డానికి వీసా ఆఫీసు మనిషి వస్తున్నాడు. సంసారం ఉండదగ్గ ఇల్లేనని అతను రాసుకుంటే గంగామణికి ఫ్యామిలీ వీసా వస్తుంది. రాసుకోకపోతే కిరాయి ఒప్పందం, జీతం ఉత్తరం, పెళ్ళి సర్టిఫికెట్ మీద ముద్రలు, అన్నీ మళ్ళీ మొదటికే. ఆ ముద్రల కోసం తిరగడంలోనే ఏడాది పోయింది, మనిషి సగమయ్యాడు.

జగిత్యాల పక్క పల్లె నుంచి కతార్‌కు కూలీగా వచ్చి పంతొమ్మిదేళ్ళు. ఫోర్‌మన్ అయ్యాకే భార్యను తెచ్చుకునే అర్హత దొరికింది. ఇన్నేళ్ళలో ఇద్దరూ ఒక కప్పు కింద ఉన్నది సెలవులన్నీ కలిపినా రెండేళ్ళు నిండలేదు. బిడ్డ అత్తగారింటికి పోయాక గంగామణి టీవీలో వార్తలు చదివే మనిషితో మాట్లాడుకుంటూ అన్నం తింటోందట. అది విన్న రోజే అల్ వుకైర్‌లో ఈ ఒంటిగది వాటా తీసుకున్నాడు.

వారం రోజులు డ్యూటీ దిగి వచ్చి ఒక్కడే సర్దాడు. సాయం ఎవరినీ పిలవలేదు. పిలవడమెందుకు, సర్దుకోవడం తెలియనివాడా ఏం? ఇన్నేళ్ళూ ఉన్న కూలీల క్యాంపులో బుచ్చన్న మంచమంత పొందిక ఇంకెవరి మంచానికీ లేదని పేరు. పాపం, కొంప ముంచింది ఆ పేరే.

పదిన్నరకు స్నేహితుడు దానియేలు వచ్చాడు. అమలాపురం వైపు మనిషి, ఒక ఇంట్లో డ్రైవరు. వాళ్ళ మేడమ్ వద్దన్న రెండు కుర్చీలు కారులో వేసుకొచ్చాడు. కుర్చీలు దించి లోపలికి చూసి, ఏదో అనడానికి నోరు తెరిచాడు. అంతలో బెల్లు మోగింది.

వచ్చినవాడు కుర్రవాడే, అరబ్బుల తెల్లటి పొడుగు అంగీ తోబ్ వేసుకున్నాడు, చేతిలో ట్యాబ్. అప్పటికే ఎన్ని ఇళ్ళ మెట్లెక్కాడో, అతని మొహమూ వడిలిపోయి ఉంది. ఇంట్లో పనివాళ్ళ దగ్గర నేర్చిన హిందీలో పలకరించి వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నెల అల్మారా మధ్యలో టేపు అంటించి ఉంది. ఇటు ఒక పళ్ళెం, ఒక గ్లాసు, ఒక ఉప్పు డబ్బా. అటూ అవే. పళ్ళేల మీద మార్కరుతో ఇటు బుచ్చన్న అని, అటు గంగామణి అని తెలుగులో రాసి ఉంది. ఇన్‌స్పెక్టరుకు తెలుగు రాదు గానీ, రెండు పేర్లు వేరని తెలియడానికి చదువెందుకు?

గదిలో ఆ గోడకొకటి, ఈ గోడకొకటి ఇనుప మంచాలు. రెండు అల్మారాలకు రెండు తాళాలు. మంచాల చుట్టూ నైలాన్ తాడు కట్టి పరదాలు వేలాడదీసి ఉన్నాయి. ఒకటి పాత దుప్పటి, ఒకటి కొత్తగా కొన్న గులాబీ పూల బట్ట.

ఎనిమిది మంది పడుకునే క్యాంపు గదిలో మనిషికి ఆ గుడ్డ ఒక్కటే గోడ. ఇంటికి ఫోన్ చేసినా, ఏడుపొచ్చినా దాని వెనకే. గంగామణికి మంచిది ఇవ్వాలనుకున్నాడు బుచ్చన్న. తనకు తెలిసిన మంచి అదే.

ఇన్‌స్పెక్టరు పూల పరదా పక్కకు జరిపి, రెండో బ్యాచిలర్ ఎక్కడున్నాడని అడిగాడు. ఫ్యామిలీ పేరు చెప్పి మగవాళ్ళను కుక్కే ఇళ్ళు అతను చాలా చూశాడు, తప్పు పట్టడానికి లేదు. దానియేలు చేతులు తిప్పుతూ ఏవేవో చెప్పాడు. అతను తల అడ్డంగా ఊపి, “మాఫీ ఫ్యామిలీ”, ఫ్యామిలీ లేదు పొమ్మని, ట్యాబ్ మీద వేలు పెట్టాడు.

బుచ్చన్న అడ్డమొచ్చి నిలబడ్డాడు. ఒక్క నిమిషం ఆగమని చేత్తోనే బతిమాలి, గంగామణికి వీడియో కాల్ చేశాడు. బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని ఉందామె. ఫోన్ గది నాలుగు వైపులా తిప్పి చూపించాడు.

“గా పరదాలేందయ్యా?” అంది.

“ఒకటి నీకు, ఒకటి నాకు.”

“ఇంట్ల ఇంకెవలన్న ఉంటరా?”

“ఎవ్వలుండరు. మనిద్దరమే.”

“మరి ఎవలకు కనవడకుంటనయ్యా?”

ఆమె ఏమందని ఇన్‌స్పెక్టరు దానియేలును అడిగాడు. దానియేలు ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాడు. ఇన్‌స్పెక్టరు ఆ తాడును వేలితో మీటి వదిలాడు. ఇవన్నీ తీసేసి, మంచాలు కలిపి, మూడింటిలోగా ఫోటోలు పంపమన్నాడు. జాలిపడ్డాడో, ఇంకా చూడాల్సిన ఇళ్ళు గుర్తొచ్చాయో, వెంటనే మెట్లు దిగిపోయాడు.

తాళ్ళు విప్పుతున్నంతసేపూ దానియేలు సణుగుతూనే ఉన్నాడు. “ఉప్పు డబ్బాలు కూడా రెండేంటన్నా? వదినకి ఉప్పు అయిపోతే నిన్ను అప్పడగాలా?” అన్నాడు. బుచ్చన్న నవ్వలేదు, పళ్ళేల మీద పేర్లు తుడుస్తూ కూర్చున్నాడు. మంచాలు కలిపాక మేడమ్ ఫోన్ వచ్చి దానియేలు వెళ్ళిపోయాడు.

ఫోటోలు వెళ్ళాయి. నాలుగు దాటాక జవాబు వచ్చింది. ఇల్లు సరిపోయింది.

సంతోషంతో గంతులేయాల్సిన మనిషి కలిపిన మంచాల అంచున ఒదిగి కూర్చున్నాడు. గంగామణికి ఫోన్ చేసి వీసా వస్తుందని చెప్పాడు. అటునుంచి ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

“మనిషి పక్కన మనిషి ఎట్లుంటరో మర్శిపోయిన గంగా. భయమైతుంది.”

“నాకు మాత్రం యాదికున్నదా? ఇద్దరం మల్ల నేర్సుకుందం. నువ్వు నాకు పంపిన ఫోటోలల్ల అల్మారాలకు తాళాలు కనవడ్డయి, ముందు గవి తీసెయ్.”

ఆమె అల్మారా తాళం చెవి తాళానికే ఉంది. తనది మొలతాడుకు కట్టుకున్నాడు, క్యాంపు పెట్టె నాటి తాళమే అది. వంగి తాళమైతే తీశాడు గానీ, చెవి ఊడదీద్దామంటే ముడి రాలేదు. ఎప్పుడో కట్టింది, ఏళ్ళ చెమటకు బిగుసుకుపోయింది. గోరు దిగలేదు.

“ముడి వస్తలేదు. కోసేస్త,” అన్నాడు.

“మొలతాడు కాడ కత్తి పెట్టకు. గట్లనే ఉండనీ. నేనొచ్చి ఇప్పుత.”

సరేనని బుచ్చన్న చొక్కా కిందికి లాక్కున్నాడు.