తుక్కుతాత మినరల్ వాటర్

రాగి గనిలో ఆయన పని ఇనుప తుక్కు వెయ్యడం. రాళ్ళ గుట్టల మీద యాసిడ్ చల్లితే రాగి కరిగి, నీళ్ళతోపాటు తొట్లలోకి దిగుతుంది. వాటిలో పాత మేకులూ రేకులూ పడేస్తే, రాగి వచ్చి ఇనుముకి పట్టుకుంటుంది. అందుకే అందరూ ఆయన్ని తుక్కుతాత అంటారు.

గని వచ్చాక కుళాయి తిప్పితే ఎర్రటి బురదే. పసిపిల్ల మనవరాలికి ఆ బురద తాగించడమా! తాత ఊరుకుంటాడా? గుట్టల వెనక మూసేసిన పాత గనిగుంట కనిపెట్టాడు. అద్దంలాంటి నీళ్ళు. పాచి లేదు, పురుగు లేదు, కప్ప కూడా లేదు. కప్ప కూడా ఎందుకు లేదని అడగాల్సిన మనిషి, చూసి మురిసిపోయాడు! కళ్ళుండీ గుడ్డితనం అంటే ఇదే. రోజూ డ్యూటీ దిగగానే డబ్బా నింపి భుజాన వేసుకొచ్చేవాడు.

"కాస్త వగరుగా ఉన్నాయేమిటండీ?" అంది భార్య.

"పిచ్చిదానా, మినరల్ వాటరే ఇది! జనం సీసాల్లో కొనుక్కుంటారు, మనకి గనే పోస్తోంది."

ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు.

కొన్నాళ్ళకి పిల్లకి వాంతులు పట్టుకున్నాయి. డాక్టరు మందులిచ్చి, నీళ్ళు బాగా పట్టమన్నాడు. తాత ఒక డబ్బాకి రెండు తెచ్చాడు. ముద్ద మింగని పిల్ల, తాత గ్లాసు అందిస్తే మాత్రం మారాం చెయ్యకుండా తాగేది. ఆయనంటే అంత నమ్మకం దానికి.

ఓ పొద్దున భార్య వంటింట్లోంచి కేకేసింది. "ఇలా రండి, వింత చూద్దురుగాని! ఇనప గరిటె రాత్రి బిందెలో జారిపడితే, తెల్లారేసరికి రాగి గరిటె అయి కూర్చుంది! మన పంట పండింది!"

తాత గరిటె అందుకున్నాడు. నీళ్ళలో మునిగినంత మేరా ఎర్రగా ఉంది. గోటితో గీకితే రాగి పొట్టులా రాలింది. ఏళ్ళ తరబడి తొట్లలో చూస్తున్నదే. ఆ యాసిడ్ నీళ్ళే గుట్టల కిందనుంచి గుంటలోకి ఊరుతున్నాయని ఆయనకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

"ఏమండీ, అలా అయిపోయారేం?"

"చేతులారా పోశానే," అన్నాడు తాత. "దాని నోట్లో నా చేతులారా పోశానే!"

బిందె ఎత్తి పెరట్లో కుమ్మరించాడు. రోజూ డబ్బా మోసిన భుజానికే పిల్లని ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తాడు. దాని తల ఆయన మెడ మీద వాలిపోతోంది.

"దాహం తాతా," అంది పిల్ల. "నీ నీళ్ళు తెచ్చావా?"