తమ్ముడి కిస్తీలు

బిందు భోపాల్‌పట్నం సర్కారు దవాఖానాలో నర్సు. తన స్కూటీ కిస్తీ ఒక్కటి కూడా ఆలస్యం చేయలేదు. ఇంటి లోను రాకుండా ఎక్కడికి పోతుందన్న ధీమాతో ఒక చిన్న ఇల్లు బేరమాడి బయానా ఇచ్చేసింది. అద్దె గది ఖాళీ చేస్తానని ఓనరుకు చెప్పేసింది కూడా.

బ్యాంకు మేనేజరు కంప్యూటర్‌లో చూసి తల అడ్డంగా ఊపాడు.

"మీ సిబిల్ స్కోరు బాగా పడిపోయింది మేడమ్. దుర్గేశ్ వరికోత మిషన్ లోనుకు గారంటర్ మీరే కదా? కిస్తీలు చాలావరకు లేటుగా పడ్డాయి."

దుర్గేశ్ ఆమె తమ్ముడు. లోనుకు అక్క సంతకం కావాలంటే డ్యూటీ మధ్యలో వచ్చి పెట్టి వెళ్లింది.

"ఇప్పుడు బాకీ ఏం లేదు కదా సార్?"

"లేదు. కానీ ఆలస్యమైనట్టు అతని వ్యాపారం రిపోర్టులోనూ ఉంది, మీ సొంత రిపోర్టులోనూ ఉంది. కొన్నేళ్ల దాకా పోదు."

బిందు నేరుగా తమ్ముడింటికి వెళ్లింది. దుర్గేశ్ మిషన్ చైనుకు గ్రీజు పెడుతున్నాడు.

"కిస్తీలు ఎందుకు లేట్ జేసినవ్ రా?"

"రైతులు పైసలిచ్చినంక కట్టిన. ఫైన్ గూడ నేనే కట్టిన గదక్కా. నిన్నెవడన్న అడిగిండా?"

"ఒక్క మాట జెప్తే నా జీతంల కెళ్లి కడుతుంటి గద."

"అక్క ముంగట చెయ్యి సాపాల్నా?"

"సంతకానికి సాపినవ్ గద రా!"

దుర్గేశ్ తల దించుకున్నాడు. లోపలి నుంచి తల్లి సోమమ్మ వచ్చింది.

"వాడు ఎవరి సొమ్మన్న తిన్నడా? ఏందే ఈ లొల్లి?"

బిందు స్కూటీ తాళం తీసుకుని బయటికి నడిచింది.

ఇల్లమ్మేవాడు బయానా తిరిగివ్వనన్నాడు. అద్దె గదిలో వేరేవాళ్లు దిగుతున్నారు. దుర్గేశే ట్రాక్టర్ తెచ్చి, అక్క మంచం, బీరువా, గిన్నెలు తన భుజాల మీద మోసి, మిషన్ షెడ్డు పక్క గదిలో సర్దాడు. పక్కింటి పార్వతి చూడటానికి వచ్చింది.

"ఈ కాలంల అక్కను ఇట్ల తెచ్చుకునే తమ్ముడు ఎవలకున్నడు బిందూ?"

సోమమ్మ మొహం వెలిగిపోయింది. వంచిన తల ఎత్తకుండా బిందు బీరువాలో చీరలు పెడుతూనే ఉంది.