చెల్లని ఫారాలు

జ్యోతిర్మయి అంటే నాకు కుళ్ళు. ఇప్పుడు దాచుకుని ఏం లాభం? ఆవిడ మా యూనివర్సిటీలో అడుగుపెట్టిన రోజు నుంచీ కుళ్ళే. నేను పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద స్టాటిస్టిక్స్ చెబుతున్నదాన్ని. ఆవిడ నిన్నగాక మొన్న లెక్కలు చెప్పడానికొచ్చింది. నా క్లాసులో పిల్లలు బెల్లు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేవాళ్ళు. ఆవిడ క్లాసులో బెల్లు కొట్టినా లేచేవాళ్ళు కాదు. పైగా నన్ను నోరారా "అక్కా" అని పిలిచేది. అది మరీ ఒళ్ళుమంట.

రెండువేల మూడులో మా డిపార్టుమెంటుకి ఒకే ఒక్క రెగ్యులర్ పోస్టు వచ్చింది. పోటీ మా ఇద్దరికే. ఆ ఏడాదే, తనిఖీకి ఎవరో కమిటీ వాళ్ళు వస్తున్నారని, పిల్లల చేత టీచర్లకి మార్కులు వేయించే ఫారాలు అచ్చేయించారు. ఐదుకి ఎన్నిస్తారు, టీచరు ఏం మార్చుకోవాలి, ఇవీ ప్రశ్నలు. పోస్టు ఎవరికన్నది చాలావరకు ఆ మార్కులే తేలుస్తాయని హెడ్డు శ్రీరామ్మూర్తి గారు మీటింగులో చెప్పారు.

ఆ లెక్క వేసే పని తెచ్చి ఆయన నాకే అప్పజెప్పారు. కంప్యూటర్ ఆపరేటర్ సెలవులో ఉన్నాడట.

"నా మార్కులు నేనే వేసుకోవడమేంటి సార్?" అన్నాను.

"సగటులూ అవీ మీకన్నా ఎవరికి తెలుసమ్మా? మీ మీద నాకు నమ్మకం."

అటెండరు దేముడమ్మ రెండు కట్టలు తెచ్చి నా బల్ల మీద పడేసింది. "ఏటి మేడమ్ గారూ ఇన్ని కాయితాలు! ఇయన్నీ సదివే ఓపికుందేటి మీకు?" అంది. ఓపికకేం, ఆత్రమే ఉంది. తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాను.

అదే క్లాసు, అదే అరవైమంది. ఎవరి పీరియడ్‌లో వాళ్ళకి ఫారాలు నింపారు. నాకు మూడు పాయింటు ఆరు వచ్చింది. ఆవిడకి నాలుగున్నర దగ్గరికొచ్చింది. రెండుసార్లు కూడి చూశాను, మూడోసారీ కూడి చూశాను. పదకొండేళ్ళ చాకిరీకి మూడు పాయింటు ఆరా! "జ్యోతిర్మయి మేడమ్ క్లాసుంటే జ్వరమొచ్చినా వస్తాను" అని రాసింది ఒక పిల్ల. జ్వరమొస్తే ఇంట్లో పడుకోవచ్చు కదే, దొంగమొహమా!

అప్పుడు కనిపించింది నాకు, ఆ ఫారం కుడివైపు పైమూల రోల్ నంబరు. తర్వాతి ఫారం మీదా ఉంది. ఆ తర్వాతిదాని మీదా ఉంది.

జ్యోతిర్మయి ప్రతి శనివారం స్లిప్ టెస్టు పెట్టేది. రోల్ నంబరు లేని కాగితానికి ఒక మార్కు కోసేది. ఆవిడ గదిలో చేతికి ఏ కాగితమొచ్చినా పిల్లలు ముందు పైమూల నంబరు వేసి గానీ ప్రశ్న చదవరు. ఈ ఫారాలకీ అదే చేశారు, యాభై రెండుమంది. వేయనివాళ్ళు ఎనిమిదిమంది, స్లిప్ టెస్టులన్నీ ఎగ్గొట్టే చివరి బెంచీ వీరులు. వాళ్ళు ఆవిడకి వేసింది రెండు, మహా అయితే మూడు. నా పీరియడ్‌లో నంబరు వేసింది తొమ్మిదిమందే.

ఫారం వెనక నిబంధన అచ్చేసి ఉంది: పేరు గానీ రోల్ నంబరు గానీ ఉన్న ఫారం చెల్లదు, చదవకుండా చించేయాలి.

నేను దొంగలెక్క వేయలేదు. నా తొమ్మిదీ తీసేశాను, ఆవిడవి యాభై రెండూ తీసేశాను. నా సగటు కదల్లేదు. ఆవిడది రెండు పాయింటు ఒకటికి పడింది. ఆ అంకె చూసి నాకు ఎంత హాయిగా ఉందో చెబితే మీరు అసహ్యించుకుంటారు.

"ఇంతమందివి చెల్లవా?" శ్రీరామ్మూర్తి గారు కళ్ళజోడు తీసి చూశారు.

"రూలు సార్. దాని కింద సంతకం కూడా మీదే."

ఆయన నిట్టూర్చి నా లెక్క కింద సంతకం పెట్టేశారు. జ్యోతిర్మయికి తెలిసినప్పుడు, "తప్పు నాదేలే అక్కా, నంబరు లేకపోతే మార్కు కోసిందాన్ని నానే కదా" అంది. ఏడ్చినా బాగుండేది. అలా పెద్దమనిషిలా అనేసరికి ఇంకా మండింది.

చెల్లని ఫారాలు చించాలి. చించలేదు. ఇంటికి పట్టుకుపోయాను. నా తొమ్మిదింట్లో ముప్ఫై నాలుగో నంబరు ఇలా రాశాడు: "మేడమ్ బోర్డుకి పాఠం చెప్తారు. మాకు కాదు."

ముప్ఫై నాలుగు సాయిశంకర్. రోజూ పద్మనాభం నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్లాడు. క్లాసులో నాకు ఇష్టమైనవాడు ఎవడన్నా ఉంటే వాడే. మర్నాడు స్టాఫ్ రూముకి పిలిచి ఫారం వాడి ముందు పెట్టాను.

వాడి మొహంలో నెత్తురు లేదు. "పేరు రాయొద్దన్నారు, రాయలేదండి మేడమ్."

"నంబరు రాశావుగా."

"అలవాటుగా రాసేసానండి. నాను సెడ్డగా ఏటీ రాయలేదండి. మీరు ఇటు తిరిగి సెప్తే ఇంకా బాగా అర్థమవుద్దని..."

"మరి జ్యోతిర్మయి మేడమ్ బాగా చెప్తుందేం?"

ఏం చెప్పినా తప్పే అని తెలిసిపోయింది వాడికి. "పో" అన్నాను.

పోస్టు నాకొచ్చింది. స్వీట్లు పంచాను. జ్యోతిర్మయి అనకాపల్లిలో ఏదో కాలేజీకి వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు మళ్ళీ ఫారాలు ఇచ్చారు. ఈసారి ఆపరేటరే లెక్క వేసి, "మేడమ్, మీకు ఐదుకి ఐదు!" అని పరిగెత్తుకొచ్చాడు. అరవై ఫారాలు, అరవై ఐదులు. ఒక్కదాని మీదా నంబరు లేదు. ఏం మార్చుకోవాలి అన్నచోట ఒక్క అక్షరం లేదు. సాయిశంకర్‌ని పిలిపించిన సంగతి క్లాసంతా పాకిందని అప్పుడు అర్థమైంది. క్లాసుకెళ్ళి, "నిజం చెప్పండర్రా, నేనేమీ అనను" అని బతిమాలాను. అందరూ లేచి నిలబడి, "బాగా సెప్తారండి మేడమ్" అన్నారు. సాయిశంకర్ అందరికన్నా గట్టిగా అన్నాడు.

ఆ వారంలోనే ఓ రోజు కూర్మన్నపాలెం జంక్షన్‌లో జ్యోతిర్మయి కనపడింది. చేతినిండా స్లిప్పుల కట్ట.

"ఏటక్కా, అలా చిక్కిపోయావ్?" అంది. ఆగకుండా మొదలెట్టింది. "మా పిల్లలు నన్ను ఎంత తిడతన్నారో తెలుసా? పరిగెత్తేత్తన్నారు మేడమ్, ఒక్క ముక్క అర్థం కాలేదు, మళ్ళీ సెప్పండి అని మొహం మీదే అనేత్తారు. నిన్న ఒకత్తయితే నా చేతిలో సుద్దముక్క లాక్కుని, ఇలా సెప్పండి అని బోర్డు మీద తనే చేసి చూపించింది!"

కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతోంది. నాకు ఐదుకి ఐదు వచ్చిందని చెబుదామనుకున్నాను. ఆవిడని పొగుడుతున్నారని విన్నా ఇంత కుళ్ళుకునేదాన్ని కాదు. బస్సొచ్చింది, ఆవిడ ఎక్కి చెయ్యూపింది. నన్ను మొహం మీద తిట్టేవాళ్ళు ఒక్కరూ లేరని, రిటైరయ్యేదాకా ఉండరని, ఆ జంక్షన్‌లో నిలబడి ఏడ్చాను.