పలికినదన్న దూలము

జ్యేష్ఠమాసము ముగియవచ్చుచుండెను. కురియనొల్లక కొండకొమ్ములఁ బట్టుకొని వ్రేలాడు నీలమేఘమండలంబు క్రింద, ఆకల్లాడని యుక్కలో, రేకులపల్లి గ్రామోపాంతమునఁ గాకతీయులనాఁటి శివాలయంబు సగము విప్పఁబడి సగము కట్టఁబడి యినుపగొట్టముల పరంజాలనడుమ శస్త్రచికిత్సకై పరుండిన వృద్ధునివలె నుండెను. వాన దిగకమున్నే రంగమండపముపైఁ గడపటి రాతిదూలము నెక్కింపవలయునని యెల్లరుఁ దొందరపడుచుండిరి. అందఱికంటె నధికముగాఁ దొందరపడవలసిన పెద్దశిల్పి కట్టోజు మల్లాచారి మాత్రము సుత్తిని ఈచేతినుండి యాచేతికి మార్చుకొనుచు దూలముచుట్టు నూరక తిరుగుచు నిలిచినచోట నిలువలేకుండెను.

అతని వంశమున నొక యాచారము గలదు. ఏ రాతినైన నెత్తుటకు మున్ను పెద్దవాఁడు దాని తలను నడుమను బాదమును సుత్తితో మెల్లఁగాఁ గొట్టి చెవియొగ్గి వినును. లోపలఁ బగులు లేని రాయి గంటవలె ఖంగుమనును. పగులున్న రాయి తడిసిన కట్టెవలె దబ్బుమనును. పెద్దవాఁడు "పలికింది" అన్నఁగాని కూలివాఁ డొక్కఁడైన దానిపైఁ జేయి వేయఁడు. కట్టోజువారి చెవి తప్పినదన్న మాట యా సీమలో నెవ్వరు నెఱుఁగరు.

ఆ యుదయమున మల్లాచారి దూలమును గొట్టెను. ఖంగో దబ్బో తెలియలేదు. దెబ్బ దూదిమూటలోఁ బడినట్లుండెను. ఎల్లరుఁ దన మొగమువంకనే చూచుచుండఁగా నలవాటుచొప్పున నోరు దానంతటఁ దెఱచుకొని "పలికింది" అనివేసెను.

పెక్కేండ్లుగాఁ జెవిప్రక్కనే గిఱ్ఱునఁ దిరిగిన గ్రైండరు చక్రము రాతితోఁబాటు చెవినిఁ గూడ నఱుగఁదీసినది. మనుష్యుల మాటలు దగ్గఱనున్నచో వినఁబడుచునే యుండెను గాన నెవ్వరు నీ సంగతి కనిపెట్టలేదు. మొన్న సోమవారమునఁ బూజారి గంట వాయించుచుండఁగా నాలుక యాడుటయే కాని నాదము రాకుండుటఁ జూచి యతఁడు గతుక్కుమనెను. జలుబు చేసినదనియు నదియే తగ్గుననియుఁ దన్నుఁ దాను బుజ్జగించుకొనెను. చెవి పోయిన పెద్దశిల్పికి మిగులునది యేమి? మూలఁ గూర్చుండి పరుల యులులకుఁ బదును పెట్టుట.

అంతలోఁ గ్రేను గొలుసులు బిగిసెను. దూలము నేల విడిచి జానెడెత్తు లేచెను. దాని కొనను స్తంభముపైఁ గుదురుగాఁ గూర్పుటకై తమ్ముఁడు ఉపేంద్రాచారి తలగుడ్డ బిగించి పరంజా నెక్కఁబోయెను. దూలము సరిగా నతని తలమీఁదుగా రావలసియుండెను. పరువా, తమ్ముఁడా యని లోపల నెవ్వరో నిలదీసినట్లయి మల్లాచారి కెవ్వునఁ గేకవైచెను.

"ఆపుండ్రి! దించుండ్రి కిందికి!"

పని నడపించు ఇంజనీరు హైమవతి పరుగునవచ్చి, "ఏమైంది మల్లాచారిగారూ? పొద్దున పలికిందన్నారు కదా!" యనెను.

"అన్న. గానీ నాకు ఇనవడలేదమ్మా. చెవులు పోయినయ్. ఇజ్జతు పోతదని అబద్ధం చెప్పిన. తమ్మీ, నువ్వు కొట్టి చూడు."

ఉపేంద్రాచారి సుత్తి యందుకొని దూలపుఁ దలను గొట్టెను, నడుమను గొట్టెను. పాదమును గొట్టినంతనే యతని మొగమున నెత్తురుచుక్క లేకపోయెను. నీళ్లు చల్లి గుడ్డతోఁ దుడువఁగా వెండ్రుకవంటి నల్లనిగీఁత యొకటి యడ్డముగా మిగిలెను.

"అన్నా, పానం పోయేటోన్ని బతికిచ్చినవ్" అని యతఁ డన్న భుజముఁ బట్టుకొని బావురుమనెను. కూలివారు చుట్టుమూఁగిరి. హైమవతి గుండెలమీఁదఁ జేయివైచుకొని నిట్టూర్చెను. తిట్లకు సిద్ధపడిన మల్లాచారికిఁ బొగడ్తలు వినవచ్చుచుండెను. కాని యతఁడు తలయెత్తి మండపమువంకఁ జూచుచుండెను. అచటఁ దాను బలికినదన్న దూలములు మూఁడు మునుపే యెక్కియుండెను; పూజ నిలుపరాదని యూరివారు పట్టుపట్టుటచే వాని నీడను స్త్రీలును బిల్లలును దీర్థమునకై కూర్చుండియుండిరి.

"అమ్మా, పైన ఎక్కిచ్చినయి గూడ కొట్టి చూడాలె."

"అవి మీరు విన్నవే కదా?"

"ఇన్ననే అనుకున్న. చెవి ఒక్కనాడు పోదు గదమ్మా. ఏ రాయికాడ పోయిందో నాకేం ఎరుక?"

మనుజునకుఁ దన లోపము దొరకుటయే కష్టము. దొరకిన పిదప నది యెప్పుడు మొదలైనదో వెదకికొనుట మఱింత కష్టము. మల్లాచారి యొక్కొక్కరిఁ జేయిపట్టి లేపి మండపము వెలుపలికిఁ బంపెను. చిన్నపిల్లను జంక నెత్తుకొని తెచ్చి తల్లి కిచ్చెను. కడపటఁ బూజారియు హారతిపళ్లెముతో వెడలివచ్చెను.

ఉపేంద్రాచారి పరంజామీఁదినుండి మొదటి దూలముపై సుత్తి నెత్తెను. వాకిట నిలిచిన మల్లాచారి చెవి యొగ్గలేదు. తమ్ముని మొగముపై నుండి చూపు మరల్పక ఱెప్పవేయక నిలుచుండెను.