ఏనుగు వీపు మీద పదకొండు గుండీలు

నలభై ఏళ్లు కత్తెరాడించిన చేతులు ఊరికే ఉండమంటే ఉంటాయా? కళ్లు మసకబారి దుకాణం మూసేసిన నెలకే టైలరు మాస్టారు వంటింటి మీద పడ్డాడు. డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్దాడు. మసిగుడ్డకి అంచు కుట్టాడు. ఆఖరికి దిండు గలీబుకి జేబు పెట్టాడు. భార్య చూసి చూసి ఒకరోజు రెండు చేతులూ జోడించేసింది.

"మహానుభావా, ఎక్కడికైనా వెళ్లి ఎవరికైనా ఉపయోగపడండి. ఒంటిగంట దాకా నా కంటపడకండి!"

వీధి చివర ఓ బడి ఉంది. చేతులో కాళ్లో చూపో, ఏదో ఒకటి మాట వినని పిల్లల కోసం పెట్టిన బడి. జీతం లేకుండా సాయం చేసేవాళ్లు కావాలని గేటుకి కాగితం అంటించి ఉంటే మాస్టారు నేరుగా లోపలికి నడిచాడు.

"మూడు రోజులు చూద్దాం" అంది పెద్ద టీచరు. "అడగందే అమ్మయినా పెట్టదంటారే, మా బళ్లో అదే చట్టం. పిల్లలు అడగందే చెయ్యి వెయ్యకూడదు. మరీ దురద పెడితే పది లెక్కపెట్టుకోండి."

"ఓస్, ఇంతేనా! ఏ కొండ మొయ్యమంటారో అనుకున్నా."

కొండే నయమని మొదటి గంటలోనే తేలిపోయింది.

అది గుండీల పీరియడు. పదకొండు మంది పిల్లలు చొక్కాలు వేసుకుని వరసగా కూర్చున్నారు. తరగతి టీచరమ్మ సుద్దముక్కల కోసం అటు వెళ్లిందో లేదో, మాస్టారి వేళ్లు ఇటు రంగంలోకి దిగాయి. టకటకా టకటకా, నాలుగు నిమిషాల్లో అరవై ఆరు గుండీలు! టీచరమ్మ తిరిగొచ్చేసరికి మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో ఉన్నవాడి పేరు ఎక్స్‌ప్రెస్. బళ్లోకెల్లా నిదానం వాడే, ఆ పేరు పెట్టుకున్నదీ వాడే. వాడి వేళ్లు కొయ్యబారి ఉంటాయి. సోమవారం నుంచి కుస్తీ పట్టి మూడో గుండీని కాజా నోటి దాకా తెచ్చుకున్నాడు పాపం. వాడు తన చొక్కా వంక చూసుకుని, తలెత్తి, "తాతా, నా గుండీ నువ్వు తినేశావు" అన్నాడు.

"నలభై నిమిషాల పాఠం మింగేశారు, మాస్టారూ" అంది టీచరమ్మ.

అరవై ఆరు గుండీలూ మళ్లీ ఆయన చేతే విప్పించారు.

రెండో రోజు ఇంకో ఘనకార్యం. చక్రాల కుర్చీలో తిరిగే అమ్మాయిని అందరూ డ్రైవరమ్మ అంటారు. ఆ పిల్ల ఏటవాలు దారి ఎక్కుతుంటే ఈయన వెనకనుంచి ఒక్క తోపు తోశాడు. ఆ పిల్ల టక్కున బ్రేకు వేసింది. ఈయన పొట్ట వెళ్లి కుర్చీకి తగిలింది, కళ్లజోడు ఎగిరి ఆ పిల్ల ఒళ్లో పడింది.

"తాతా, నీకు లైసెన్సుందా?"

కిటికీలోంచి చూసిన పెద్ద టీచరు, రెండు తప్పులయ్యాయన్నట్టు రెండు వేళ్లు చూపించింది. మూడోది లేస్తే ఇంటికే.

"రేపు గనక మిమ్మల్ని పంపించేస్తే నేనెళ్లి ఆ బళ్లో చేరతాను, మీరు వంటిల్లు చూసుకోండి" అంది ఇంట్లో సంగతంతా విన్న భార్య. మాస్టారు నవ్వలేదు. నెల రోజులుగా తననెవరూ ఏదీ అడగలేదు. ఆ బళ్లో, తిట్టడానికైనా సరే, పదకొండు గొంతులు తాతా అంటున్నాయి. అది పోగొట్టుకోవడం ఆయనవల్ల కాదు.

ఆ రోజే బళ్లో, నాటకానికి ఏనుగు వేషం కావాలన్న మాట చెవిన పడింది. సాయంత్రమే మిషను దుమ్ము దులిపాడు. ఎవరూ తీసుకెళ్లకుండా మిగిలిపోయిన బూడిదరంగు ప్యాంటు గుడ్డలన్నీ కలిపి ఏనుగుని కుట్టాడు. తొండంలో దూది కూరాడు. వీపు మీద సాసరంతేసి గుండీలు పదకొండు, తలా ఒకటి.

మూడో రోజు పొద్దున్న ధైర్యం కోసం రెండు గ్లాసుల టీ తాగి మరీ వచ్చాడు.

"ఏనుగులోకి ఎవరెళ్తారర్రా?" అంది టీచరమ్మ.

"తాతే!" అన్నారు పదకొండు మందీ.

తాత దూరాడు. పిల్లలు ఒక్కొక్కరే వీపెక్కినంత పని చేసి గుండీలు పెట్టారు. ఈయన పదులు లెక్కపెట్టీ పెట్టీ వందలు దాటించాడు. ఆఖరి గుండీ పడగానే గది ఎగిరిపోయేలా కేకలు.

సరిగ్గా అప్పుడే ఆ రెండు గ్లాసుల టీ వచ్చి కింద తలుపు కొట్టింది.

చేతులు చూస్తే ఏనుగు ముందుకాళ్లలో ఉన్నాయి. ముందువైపు సందన్నది లేదు. ఏనుగుకీ అవసరాలుంటాయని కుట్టినవాడికి అప్పుడు తట్టింది.

కాళ్లు మెలేస్తున్న ఏనుగుని చూసి టీచరమ్మకి సంగతి అర్థమైంది. "అయ్యో, నేను విప్పేస్తానుండండి మాస్టారూ, నిమిషం పని."

పిల్లల మొహాలు వాడిపోయాయి. కేకలకి వచ్చిన పెద్ద టీచరు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"వద్దమ్మా, చెయ్యి తియ్యి!" అంది ఏనుగు. "పెట్టినవాళ్లే విప్పుతారు. ఒరే నాన్నల్లారా, అమ్మల్లారా, కాస్త విప్పిపెట్టండర్రా. అడుగుతున్నాను!"

అడిగాక ఆగుతారా? ఒకటి ఊడింది. రెండోది విప్పిన పిల్ల సంబరం పట్టలేక మళ్లీ పెట్టేసింది. అయిదోదాని దగ్గర బయట ఎవరో కుళాయి తిప్పారు.

"ఆ కుళాయి కట్టెయ్యండ్రా, మీకు పుణ్యముంటుంది!"

పది ఊడాయి. మిగిలింది ఎక్స్‌ప్రెస్‌ది.

"కదలకు తాతా. కదిలితే మళ్లీ మొదటికే."

"కదలట్లేదు నాయనా, వణుకుతున్నా."

ఏనుగు ఒంటికాలి మీద నిలబడింది. తొండం గడియారం లోలకంలా ఊగుతోంది. ఒకటి, రెండు, మూడు అంటూ గదంతా గొంతు కలిపింది. పది అయింది. ఇంకో పది. ఆరో పది సగంలో గుండీ టప్పున ఊడింది.

"వచ్చేసింది!" అని వాడు అరిచిన అరుపుకి కిటికీలు అదిరాయి.

సగం తోలు వేలాడుతుండగా ఏనుగు పరుగందుకుంది. వరండా నిండా పక్క తరగతి పిల్లలే. పక్కనే చక్రాల చప్పుడు.

"దారి చెయ్యనా తాతా? అడగాలిగా మరి!"

"అడుగుతున్నా తల్లీ, నీ చక్రాలు పట్టుకుని అడుగుతున్నా!"

"పాం పాం! ఏనుగొస్తోంది, తప్పుకోండహో!"

మరుగుదొడ్డి తలుపు ధడాలున పడింది. కాసేపటికి లోపల్నుంచి పొడుగాటి నిట్టూర్పు, ఆ వెనకే సన్నగా ఒక గొంతు: "మేడమ్, మూడో వేలు లేచిందాండీ?"

పెద్ద టీచరు నవ్వి నవ్వి గోడకి ఆనుకుపోయింది. "రేపు తొమ్మిదింటికి రండి మాస్టారూ. టీ మాత్రం తాగకండి."

అప్పటికి ఎక్స్‌ప్రెస్ నిదానంగా నడుచుకుంటూ వచ్చి తలుపు తట్టాడు.

"తాతా, తొందరగా రా. మళ్లీ పెట్టాలి."

లోపల్నుంచి సన్నగా "ఒకటి, రెండు, మూడు" వినిపించింది. ఏనుగు పది లెక్కపెట్టుకుంటోంది.